నాన్నగారిని తీసుకెళ్లాలా, వద్దా? ఆండీస్ కొండల్లో తమ్ముడి పెళ్లి

ప్రశ్న: మా తమ్ముడు డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడే పరిచయమైన పెరూ అమ్మాయిని పెళ్లి చేసుకుంటున్నాడు. పెళ్లి వచ్చే జూలైలో, ఆ అమ్మాయి సొంత ఊరు సికువానిలో. కుస్కో నగరం నుంచి మూడు గంటల దారి, 3,550 మీటర్ల ఎత్తు అంటున్నారు. విజయవాడ నుంచి ఏడుగురం బయల్దేరుతున్నాం: నేను, మావారు, పిల్లలిద్దరు (తొమ్మిదేళ్లు, నాలుగేళ్లు), అమ్మ (66, బీపీ, షుగరు), నాన్న (71, రెండేళ్ల కిందట స్టెంట్ వేశారు), పెద్దమ్మ (పూర్తి శాకాహారి). 'పదేళ్ల కిందట కేదార్‌నాథ్ నడిచి ఎక్కినవాణ్ణి, ఇదెంత' అంటారు నాన్న. 'మీరు ఇంట్లోనే ఉండండి' అంటుంది అమ్మ. రోజూ ఇదే గొడవ. ట్రావెల్ ఏజెంటు ఒక ప్లాన్ ఇచ్చాడు: లీమాలో దిగిన రోజే కుస్కో ఫ్లైట్, మర్నాడు మాచు పిచ్చు పాత కోట, ఆ మర్నాడు రంగుల కొండ (రెయిన్‌బో మౌంటెన్), నాలుగో రోజు పెళ్లి, తర్వాత టిటికాకా సరస్సు. అమ్మానాన్నలకు అమెరికా వీసా ఉంది, మాకు లేదు. మగపెళ్లివారిగా అక్కడ మేం ఏం చేయాలో కూడా తెలియదు. ఏజెంటుకు అడ్వాన్సు కట్టేయమంటారా?
– ఓ పెళ్లికొడుకు అక్క, విజయవాడ

సమాధానం:

కట్టకండి. ఇప్పటికే కట్టేసి ఉంటే, ఎంత పోయినా సరే ఆ ప్లాన్ మార్పించండి.

మీ నాన్నగారి మాటను నేను కొట్టిపారేయను. లెక్క చూస్తే ఆయనే కరెక్టు. కేదార్‌నాథ్ ఎత్తు 3,583 మీటర్లు, అంటే మీరు వెళ్లే సికువాని కన్నా ఓ ముప్పై మీటర్లు ఎక్కువే. కానీ ఆయన అప్పుడు గౌరీకుండ్ నుంచి కాళ్లతో ఎక్కారు. మెట్టు మెట్టుకీ ఒంటికి టైమిచ్చారు. పైన మహా అయితే ఒక రాత్రి ఉండి, దర్శనం చేసుకుని దిగిపోయారు. అప్పటికి గుండెలో స్టెంటూ లేదు. ఇప్పుడు లీమాలో సముద్రమట్టం దగ్గర విమానమెక్కితే, గంటా ఇరవై నిమిషాల్లో 3,400 మీటర్ల కుస్కోలో దింపేస్తారు. మాచు పిచ్చు చూసొచ్చే ఆ ఒక్క పూట తప్ప, ఆ తర్వాత వారం పాటు కిందికి దిగే పనే లేదు. ఎత్తు అదే, ఎక్కే తీరు వేరు. మీ ఇంట్లో గొడవంతా ఎత్తు గురించి నడుస్తోంది, నడవాల్సింది రోజుల గురించి.

అక్కడి గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గదు, విజయవాడలో ఎంతో అక్కడా అంతే, 21. తగ్గేది గాలి ఒత్తిడి. కుస్కోలో అది మన దగ్గర ఉన్నదానిలో దాదాపు మూడింట రెండు వంతులు. అందుకే ఒక్కో శ్వాసకు లోపలికి వెళ్లే ఆక్సిజన్ తగ్గుతుంది. ఒళ్లు దానికి అలవాటు పడుతుంది, కాకపోతే రెండు మూడు రోజులు పడుతుంది. ఆ లోపల తలనొప్పి, వికారం, నీరసం, నిద్ర పట్టకపోవడం. దీన్ని అక్కడివాళ్లు సొరొచే అంటారు. వయసుకీ బలానికీ దీనితో పెద్ద సంబంధం లేదు. జిమ్‌కి వెళ్లే కుర్రాడు పడిపోవచ్చు, ముసలావిడ హాయిగా తిరగొచ్చు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మేం వెళ్లినప్పుడు మా ఏజెంటు కూడా అచ్చం మీ ఏజెంటు లాంటి ప్లానే ఇచ్చాడు. రాత్రి లీమాలో దిగి, తెల్లారేసరికి కుస్కోలో ఉన్నాం. మొదటి గంట బ్రహ్మాండంగా ఉంది. నీలాకాశం, ఎర్ర పెంకుల ఇళ్లు, మావారు సూట్‌కేసు భుజాన వేసుకుని హోటల్ మెట్లెక్కారు. రెండో అంతస్తు దాకా వచ్చి మెట్టు మీద కూలబడిపోయారు. ఆ రోజూ మర్నాడూ ఆయన మంచం దిగలేదు. మాచు పిచ్చు టికెట్ల డబ్బు పోయింది. నాకు మాత్రం చిన్న తలనొప్పితో సరిపోయింది. రోజూ అయిదు కిలోమీటర్లు నడిచేది ఆయన, నేను కాదు.

ఇక మీ ప్లాన్ నన్ను వేయమంటే ఇలా వేస్తాను. పెళ్లికి పది రోజుల ముందు లీమాలో దిగండి. అక్కడ రెండు రాత్రులు. మనకూ పెరూకీ పదిన్నర గంటల తేడా. రాత్రి రెండింటికి అందరూ లేచి కూర్చుంటారు. ఆ నిద్రలేమి కింద ఉండగానే వదిలించుకుంటే, పైకి వెళ్లాక నిద్ర పట్టనప్పుడు అది జెట్‌లాగా, ఎత్తా అని తికమక ఉండదు. మూడో రోజు ఉదయం కుస్కో ఫ్లైట్. ఇక్కడే అసలు కిటుకు ఉంది. కుస్కోలో ఆగకండి. విమానాశ్రయం బయటే వ్యాను ఎక్కి, గంటన్నర ప్రయాణం చేసి ఉరుబాంబా లోయలోకి దిగిపోండి. దారిలో కాసేపు ఇంకా ఎత్తుకు వెళ్తారు, కంగారు పడకండి, పడుకునే చోటు ఎత్తే లెక్క. ఉరుబాంబా 2,870 మీటర్లు. కుస్కో కన్నా అయిదు వందల మీటర్లు తక్కువ. ఆ తేడా మొదటి రాత్రి మీ అమ్మగారికి తెలుస్తుంది.

అక్కడ నాలుగు రాత్రులు. మొదటి రోజు ఏమీ చూడొద్దు. స్నానం, సూప్, పడక. పిల్లల్ని పరుగెత్తనివ్వకండి (అది మీ చేతిలో ఉంటే). మూడో రోజు ఓపిక ఉన్నవాళ్లు పక్కనే ఉన్న ఒయాంతాయ్‌తాంబోలో రైలెక్కి మాచు పిచ్చు చూసి రావచ్చు. చాలామందికి తెలియదు గానీ, మాచు పిచ్చు 2,430 మీటర్లే, కుస్కో కన్నా దాదాపు వెయ్యి మీటర్లు కింద. ఎత్తు పరంగా అది సులువైన రోజు. మెట్లు మాత్రం ఎక్కువ. మీ నాన్నగారు కోటకు వెళ్లాలా, కింద ఊళ్లో కాఫీ తాగుతూ కూర్చోవాలా అన్నది ఆ రోజు ఆయన ఓపికను బట్టి. టికెట్లు ముందే, టైము స్లాటు ప్రకారం కొనుక్కోవాలి. గేటు దగ్గర పాస్‌పోర్టు చూస్తారు, హోటల్లో వదిలి వెళ్లొద్దు. ఆ తర్వాత కుస్కోలో రెండు రాత్రులు, ఆపైన పెళ్లికి ఒకటి రెండు రోజుల ముందు సికువాని. దారిలో అందావాయ్లీయాస్ అనే పల్లెలో పాత చర్చి ఉంది. బయట మట్టిగోడ, లోపల పైకప్పు అంతా బొమ్మలే. అరగంట ఆగండి.

రంగుల కొండ వద్దు. మీవారు ఫొటోలు చూసి ముచ్చట పడ్డారని ఊహించగలను. అది 5,000 మీటర్ల పైమాటే. ఎవరెస్టు బేస్ క్యాంపు 5,364. అక్కడికి వెళ్లేవాళ్లు వారం పైన మెల్లగా ఎక్కుతారు. మీ ఏజెంటు మూడో రోజు పొద్దున తీసుకెళ్తానంటున్నాడు, నాలుగేళ్ల పిల్లతో సహా. టిటికాకా కూడా ఈసారికి మానేయమనే నా సలహా. ఆ సరస్సు ఒడ్డున ఉన్న పూనో ఊరు 3,830 మీటర్లు, దారిలో లా రాయా కనుమ 4,338. పెళ్లి పూర్తయ్యాక మీవారు, పెద్దబాబు ఇద్దరే వెళ్లొస్తామంటే వెళ్లనివ్వండి. అమ్మానాన్నలు మాత్రం పెళ్లి నుంచి నేరుగా కుస్కో, అక్కడి నుంచి లీమా.

లెక్కలో రెండు రోజులు ఖాళీగా ఉంచండి. దక్షిణ పెరూలో ఏదైనా గొడవ వస్తే జనం ముందు చేసే పని రోడ్డుకు అడ్డంగా రాళ్లు పేర్చడం. 2022 డిసెంబరు నుంచి 2023 మొదటి నెలల దాకా జరిగిన ఆందోళనల్లో కుస్కో విమానాశ్రయం, మాచు పిచ్చు రైళ్లు కూడా ఆగిపోయాయి. రోజులు బిగించుకుని వెళితే పెళ్లికి అందక, రోడ్డు మీద లారీల మధ్య కూర్చోవాల్సి వస్తుంది. ఇంకోటి, జూలై 28, 29 పెరూ స్వాతంత్ర్య దినోత్సవ సెలవులు. పెళ్లి ఆ దగ్గర్లో ఉంటే బస్సులు, హోటళ్లు ఇప్పుడే చూసుకోవాలి.

ఇప్పుడు నాన్నగారి సంగతి. తీసుకెళ్లాలా వద్దా అన్నది మీ అమ్మగారు తేల్చేది కాదు, నేను తేల్చేదీ కాదు, స్టెంట్ వేసిన డాక్టరు తేల్చాలి. ఆయన్ని 'వెళ్లొచ్చా' అని అడగకండి. అలా అడిగితే 'జాగ్రత్తగా వెళ్లండి' అనేస్తారు. కాగితం మీద రాసుకెళ్లి అడగండి: 3,400 నుంచి 3,550 మీటర్ల ఎత్తులో అయిదారు రోజులు ఉంటారు. ట్రెడ్‌మిల్, ఎకో మళ్లీ చేయించాలా? బీపీ పెరిగితే మాత్ర మార్చుకోవాలా, ఎంత? రక్తం పలచబడే మందు వాడుతుంటే అక్కడ కొత్తగా ఏ మాత్రలు వేసుకోకూడదు? ఎసిటజోలమైడ్ ఇవ్వొచ్చా? ఇది మన దగ్గర డయమాక్స్ పేరుతో దొరుకుతుంది, ఎత్తుకు వెళ్లే ముందు రోజు నుంచి వేసుకుంటారు. వేళ్లు చిమచిమలాడతాయి, మాటిమాటికీ బాత్రూముకు పరుగెత్తాలి. సల్ఫా మందులు పడనివాళ్లకూ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకూ పనికిరాకపోవచ్చు. కాబట్టి పక్కింటివాళ్లు వేసుకున్నారని వేసుకునే మాత్ర కాదు. డాక్టరు 'వద్దు' అంటే అది వద్దే. అప్పుడు తమ్ముడితో మాట్లాడి, లీమాలోనో డల్లాస్‌లోనో నాన్నగారి చేతుల మీదుగా ఇంకో వేడుక పెట్టుకోండి. 'ఊ' అంటే మాత్రం అమ్మగారు ఇక ఆ మాట ఎత్తకూడదు. ఈ ఒప్పందం డాక్టరు దగ్గరికి వెళ్లకముందే ఇద్దరి చేతా చేయించండి.

అమ్మగారికి ఒక మాట. ఎత్తులో, చలిలో షుగరు చూసుకునే మిషను తప్పు చూపించే అవకాశం ఉంది. దాన్ని లోపలి జేబులో, ఒంటి వెచ్చదనంలో ఉంచుకోవాలి. తలతిరుగుడు వస్తే అది సొరొచే అనుకుని ఊరుకోకుండా, షుగరు పడిపోయిందేమో చూడాలి. మొదటి రెండు రోజులు అక్కడ ఆకలి చచ్చిపోతుంది. తినకుండా మాత్ర వేసుకుంటే ఏమవుతుందో ఆవిడకే బాగా తెలుసు.

కుస్కోలో ఏ మందుల షాపుకు వెళ్లినా సొరొచే మాత్రలంటూ అమ్ముతారు. వాటిలో ఆస్పిరిన్, కెఫీన్ ఉంటాయి. నాన్నగారికి డాక్టరును అడగకుండా ఇవ్వకండి. వేలికి పెట్టే ఆక్సిమీటర్ కోవిడ్ రోజుల్లో కొన్నది మీ ఇంట్లో ఉండే ఉంటుంది, తీసుకెళ్లండి. కానీ అక్కడ 88, 90 కనిపిస్తే అరవకండి. ఆ ఎత్తులో ఆరోగ్యవంతుడికీ అంతే ఉంటుంది. చూడాల్సింది మనిషిని. కూర్చుని ఉన్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గుతో నురగ వస్తే, తిన్నగా నడవలేక తూలుతుంటే, మాటలు తడబడుతుంటే, అది అర్ధరాత్రయినా సరే, పెళ్లి ముహూర్తమైనా సరే, ఆక్సిజన్ పెట్టించి కిందికి దింపాలి. 'పొద్దున చూద్దాం' అనే మాటే ప్రమాదం. చిన్నపాపకు తలనొప్పి అని చెప్పడం రాదు. ఊరికే ఏడుస్తుంటే, ఆడుకోకపోతే, అన్నం ముట్టకపోతే అదే లక్షణం అనుకోండి.

జూలై అక్కడ చలికాలం. పగలు ఎండ చర్మం కాలుస్తుంది, రాత్రి సికువానిలో సున్నా కిందికి పోతుంది. ఇళ్లలో హీటర్లుంటాయని ఆశ పెట్టుకోకండి. పట్టుచీర లోపల ఉన్ని థర్మల్ వేసుకోవాలి, పైన శాలువా కప్పుకోవాలి. ఫొటోల్లో ఎలా ఉంటామోనని అప్పుడే దిగులు పడకండి, అక్కడి ఆడవాళ్లు నాలుగైదు లంగాలు ఒకదాని మీద ఒకటి వేసుకుని వస్తారు.

పెళ్లి గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. నాకు మాత్రం చెప్పాలనిపించింది ఇదే.

మగపెళ్లివారిగా ఏం చేయాలి అన్నారు. మన లెక్కల మగపెళ్లివారు అక్కడ లేరు. కాళ్లు కడగడాలు, విడిది, అలకలు ఉండవు. పెద్దరికమంతా పద్రినో, మద్రినా అనే దంపతులది. వాళ్లు పెళ్లికి ధర్మ తల్లిదండ్రుల్లాంటివాళ్లు. చర్చిలో జంట పక్కన నిలబడేది వాళ్లే, ఖర్చులో పెద్ద భాగం మోసేదీ వాళ్లే చాలాసార్లు. రేపు మొగుడూ పెళ్లాం పోట్లాడుకుంటే పంచాయతీ కూడా వాళ్ల దగ్గరే. తమ్ముణ్ణి అడిగి వాళ్లెవరో ముందే తెలుసుకోండి. పెళ్లికూతురి తల్లిదండ్రులకు బట్టలు తీసుకెళ్తూ వీళ్లను మర్చిపోతే, మన దగ్గర మేనమామను మర్చిపోయినట్టే.

ఏం తీసుకెళ్లాలి? వెండి సామాను వద్దు. మంగళగిరి చీరలు, కండువాలు తీసుకెళ్లండి. ఆ కొండల్లో ఆడవాళ్లకు నేత బాగా తెలుసు. నడుముకు కట్టుకున్న మగ్గం మీద నేస్తారు. చేనేత అంచు చేతిలో పెడితే వేళ్లతో తడిమి, తిరగేసి, వెనకవైపు చూస్తారు. అలా తిరగేసి చూస్తే మీరు నెగ్గినట్టే.

చదివింపుల దగ్గర మీరు మన ఊళ్లోనే ఉన్నారా అనిపిస్తుంది. ఆ కొండల్లో మాట్లాడే కెచువా భాషలో అయ్ని అనే మాట ఉంది. ఈ రోజు నీ పొలంలో నేను పని చేస్తాను, రేపు నా పొలంలో నువ్వు. నీ పెళ్లికి నేను ఇంత తెస్తాను, నా కూతురి పెళ్లికి నువ్వు అంత తేవాలి. దక్షిణ పెరూ కొండల్లో చాలా పెళ్లిళ్లలో చుట్టాలు బాండు మేళంతో బీరు కేసులు మోయించుకుని వస్తారు, అవి ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. డబ్బు నోట్లు పిన్నుతో పెళ్లికొడుకు కోటుకూ, పెళ్లికూతురి బట్టలకూ గుచ్చుతారు. ఎవరు ఎంత తెచ్చారో ఒకరు కూర్చుని పుస్తకంలో రాస్తుంటారు. మా తాతగారింట్లో అటక మీద అలాంటి పుస్తకాలు ట్రంకుపెట్టె నిండా ఉండేవి. పెళ్లి పిలుపు వస్తే చాలు, మా నాయనమ్మ ముందు ఆ పెట్టె దింపించేది. మీరు కూడా కొత్త నోట్లు, ఆ దేశపు సోల్ నోట్లే, మార్చుకుని పెట్టుకోండి. ఊళ్లో అందరికీ నగదే.

జంట నెత్తిన రంగు కాగితం ముక్కలు గుప్పిళ్లతో చల్లుతారు. అక్షింతలే అనుకుని మీ అమ్మగారు మురిసిపోవచ్చు. అసలు అక్షింతలు కూడా ఒక పొట్లం తీసుకెళ్లొచ్చా అంటే, పచ్చి కరివేపాకు, పళ్లు, విత్తనాలతో పాటు వాటినీ ఇంట్లోనే వదిలేయండి. అక్కడ కొన్న బియ్యానికి మీరు తెచ్చిన పసుపు కలుపుకుంటే చాలు.

ఎవరైనా పెద్దాయన కోకా ఆకులు ఇస్తే రెండు చేతులతో అందుకోండి. మూడు ఆకులు కలిపి పట్టుకుని ఇస్తారు, దాన్ని కింతు అంటారు. మన తాంబూలంతో సమానం. తీసుకోకుండా చెయ్యి ఊపడం అమర్యాద. నమలకపోయినా ఫర్వాలేదు, చేతిలో ఉంచుకోండి. హోటళ్లలో ఇచ్చే కోకా టీ తాగొచ్చు, పెరూలో అది చట్టబద్ధం. తలనొప్పికి కాస్త హాయిగా ఉంటుంది, అంతేగాని మందు కాదు. ఒక ఆకు కూడా, ఒక టీ సంచి కూడా తిరుగు సామానులో రాకూడదు. అమెరికాలోనూ ఇండియాలోనూ అది నేరం. తమ్ముడి ఆఫీసులో డ్రగ్ టెస్టులు ఉంటే, ఆ టీ తాగినా పట్టుబడతాడు. వాడికి గట్టిగా చెప్పండి.

తాగుడు సంగతి. బీరు సీసా ఒకటి, గ్లాసు ఒకటి, గుంపంతటికీ తిరుగుతాయి. తన వంతుకు గ్లాసులో పోసుకుని, సీసా పక్కవాడికిచ్చి, తాగేసి, అడుగున నురగ విదిలించి గ్లాసు అందిస్తారు. నేల మీద ముందు కొన్ని చుక్కలు వదలడం పాచమామాకు, అంటే భూమాతకు. మీ నాన్నగారి వంతు వచ్చేసరికి అందరూ ఆయన ముఖమే చూస్తారు. ఆయన చుక్కలు నేలకు వదిలి, గ్లాసు కళ్లకద్దుకుని పక్కవారికి ఇచ్చేయొచ్చు. 'ఎస్తోయ్ తొమాందో మెదిసినా' అంటే మందులు వాడుతున్నానని. ఈ ముక్క బట్టీ పట్టించండి, ఆ తర్వాత ఎవరూ బలవంతం చేయరు. ఊదా రంగు మొక్కజొన్నతో చేసే చిచా మొరాదా అడగమనండి, అందులో మత్తు ఉండదు. ఉత్త చిచా అంటే మాత్రం పులిసిన కల్లు లాంటిది. మీవారు కూడా మొదటి రోజుల్లో దూరంగా ఉంటే మంచిది, ఎత్తులో ఒక గ్లాసు మూడింటి పని చేస్తుంది.

భాష. పెళ్లికూతురి బామ్మకు బహుశా స్పానిష్ కన్నా కెచువాయే ఇష్టం. అది మీకు అనుకున్నంత పరాయిగా ఉండదు. ఇంగ్లిష్‌లో 'వుయ్' ఒక్కటే. కెచువాలో మనకు లాగే రెండున్నాయి: వింటున్నవాణ్ణి కలుపుకుంటే ఞొఖాంచిస్, వదిలేస్తే ఞొఖాయ్కు. మనం, మేము. ఇంగ్లిష్‌వాళ్లకు గంటసేపు వివరించాల్సింది మీ నాలుగేళ్ల పాపకు పుట్టుకతో తెలుసు. వరసలు మాత్రం తమాషాగా ఉంటాయి. మనకు అక్క వేరు, చెల్లి వేరు. వాళ్లకు పిలిచేది ఆడా మగా అన్నది ముఖ్యం. మీరు తమ్ముణ్ణి తూరా అనాలి, అతను మిమ్మల్ని పనా అంటాడు. ఆడవాళ్లు అక్కచెల్లెళ్లను పిలుచుకునే మాట ఞాఞా. (బడిలో దిద్దిన తర్వాత ఈ అక్షరం రాయడం నాకిదే మొదలు.) పెద్దవాళ్లను మామాయ్, తాయ్తాయ్ అనండి, అమ్మా, నాన్నా అని. థాంక్స్‌కి సుల్పాయ్కి. మీ నాన్నగారి చేత రెండు నిమిషాలు తెలుగులోనే మాట్లాడించండి, తమ్ముడు స్పానిష్‌లో చెబుతాడు. పిల్ల మా ఇంటికి వస్తోంది అనకుండా, రెండు ఇళ్లు కలుస్తున్నాయి అంటే బాగుంటుంది, వాళ్లు నిజానికి డల్లాస్‌లో కదా ఉండబోయేది.

తాళి గురించి మీరు అడగలేదు, కానీ మీ అమ్మగారి సంచిలో అది ఉంటుందని నాకు తెలుసు. ఆ పెళ్లి వాళ్లది, చర్చిలో వాళ్ల పద్ధతిలో జరగనివ్వండి. తాళి కట్టించాలంటే ఆ అమ్మాయిని ముందే, మీరే ఫోన్ చేసి అడగండి, తమ్ముడి ద్వారా వద్దు. 'సరే' అంటే పెళ్లి మర్నాడు వాళ్లింట్లోనే కట్టించొచ్చు. కాదంటే విజయవాడ వచ్చినప్పుడు సత్యనారాయణ వ్రతం, రిసెప్షన్ ఎలాగూ ఉన్నాయి.

పెద్దమ్మగారి తిండి కష్టమే, దాచను. అక్కడ 'సిన్ కార్నె', మాంసం లేకుండా, అంటే కోడి వేసి ఇస్తారు, కోడి వాళ్లకు మాంసం కాదు. 'ని పోయ్యో, ని పెస్కాదో, ని కాల్దో దె కార్నె' అనాలి: కోడీ వద్దు, చేపా వద్దు, మాంసం ఉడికించిన నీళ్లూ వద్దు. ఆ చివరిది ముఖ్యం, క్వినోవా సూప్ కూడా చాలాసార్లు ఆ నీళ్లతోనే చేస్తారు. పెళ్లి విందులో కుయ్ అనే గినీ పిగ్ నాలుగు కాళ్లతో సహా పళ్లెంలో వస్తుంది. పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. పెద్దమ్మగారు తినగలిగినవీ ఉన్నాయి: లెక్కలేనన్ని రకాల దుంపలు, పెద్ద గింజల మొక్కజొన్న పొత్తు, దాంతో జున్ను ముక్క, బాదుషా అంత గుండ్రటి రొట్టెలు, అవకాడో. రొకోతో అనే మిరపకాయ రుచి చూపించండి. టమాటాలా ఉంటుంది, గుంటూరు కారాన్ని మరిపిస్తుంది. మిరప వంశానికి పుట్టిల్లు ఆ కొండల వైపే, మనకు వచ్చింది పోర్చుగీసు ఓడల్లో.

ఉరుబాంబాలో వంటగది ఉన్న ఇల్లు తీసుకోండి. అక్కడ కరెంటు 220 వోల్టులే, మన కుక్కర్ పని చేస్తుంది, ప్లగ్గుకు అడాప్టర్ ఉంటే చాలు. పైకి పోయిన కొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, కుస్కోలో 88 డిగ్రీల దగ్గరే. కాబట్టి మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపున్నా గుల్లగా ఉడకదు. ప్రెషర్ కుక్కరే శరణ్యం, వాళ్ల ఇళ్లలోనూ అదే వాడతారు. అటుకులు, రవ్వ, పొడులు సీలు వేసిన ప్యాకెట్లు తీసుకెళ్లి, లీమా కస్టమ్స్‌లో దాచకుండా ఫారంలో రాయండి.

కాగితాలు. అమెరికా వీసా గడువు ఆరు నెలలకు తగ్గకుండా ఉంటే అమ్మానాన్నలకు పెరూ వీసా అక్కర్లేదు. మీకూ, మీవారికీ, పిల్లలకూ, పెద్దమ్మగారికీ కావాలి. ఢిల్లీలోని పెరూ ఎంబసీకి తమ్ముడి పెళ్లి పిలుపు లేఖతో ఇప్పుడే అప్లై చేయండి. అమెరికా మీదుగా వెళ్లే టికెట్ మీకు కొనకండి, విమానం మారడానికి కూడా ఆ దేశపు వీసా కావాలి. యూరప్ మీదుగా లీమాకు విమానాలున్నాయి. ఏ ఊళ్లో మారాలో, అక్కడ ట్రాన్సిట్ వీసా అడుగుతారో లేదో టికెట్ కొనేముందు చూసుకోండి.

ఇక ఏజెంటు మీకు చెప్పి ఉండడు: ఎల్లో ఫీవర్ టీకా. లీమాలో, ఆ కొండల్లో ఆ జబ్బు భయం లేదు. కానీ పెరూ మొత్తాన్నీ మన ప్రభుత్వం ఎల్లో ఫీవర్ దేశాల జాబితాలో పెట్టింది. అక్కడి నుంచి బయల్దేరిన ఆరు రోజుల లోపు ఇండియాలో దిగితే టీకా సర్టిఫికెట్ చూపించాలి, లేకపోతే క్వారంటైన్‌లో కూర్చోబెడతారు. టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఒకసారి వేయిస్తే జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు, ముందుగా స్లాటు తీసుకోవాలి. అరవై దాటినవాళ్లకు ఈ టీకాతో దుష్ఫలితాల భయం కాస్త ఎక్కువ. మీ అమ్మానాన్నలకు దీనికో దారి ఉంది. పెళ్లయ్యాక వాళ్లు తమ్ముడితో పాటు డల్లాస్ వెళ్లి, ఓ రెండు వారాలు ఉండి ఇండియా వస్తే, ఆరు రోజుల లెక్క దాటిపోతుంది, సర్టిఫికెట్ ప్రశ్నే రాదు. అమెరికా వీసా ఎలాగూ ఉంది కదా. పెద్దమ్మగారి వయసు మీరు రాయలేదు. ఆవిడదీ అరవై దాటితే, నాన్నగారి గుండె డాక్టరు దగ్గరికి వెళ్లే రోజే ఆవిణ్ణి కూడా ఫిజీషియన్‌కు చూపించి టీకా సంగతి తేల్చుకోండి. టికెట్లు ఆ తర్వాతే.